కంటబడని మృగముల లెక్క

ప్రొద్దు గ్రుంకువేళ మంద ఊరిలోనికి మరలివచ్చునపుడు పసులకాపరి దొడ్డివాకిట నిలిచి తలలు లెక్కించుట మీరందఱు నెఱిగినదే. ఒక దూడ తగ్గినచో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. దీపము చేతబట్టి వెదకబోవును. అతని లెక్కను మనము నమ్ముదుము. ఏలనన, పశువులన్నియు ఒకే వాకిటగుండ లోనికి రావలసియున్నవి. వాని ముఖములన్నియు అతనికి గుర్తే.

అడవి జంతువులకు దొడ్డి లేదు. అవి మన వాకిటికి రావు. మనలను జూచిన తోడనే పొదలచాటునకు తొలగిపోవును. అట్టి జంతువులను లెక్కించుటయు, లెక్కించు విధమును విద్యార్థులకు బోధించుటయు ముప్పదియేండ్లకు పైబడి నేను చేసిన పని. ఇందువలన నేను నేర్చినది యొక్క మాటలో చెప్పవచ్చును. చూచినవాని సంఖ్య చెప్పుట సులభము. చూడక విడిచినవి ఎన్ని యుండవచ్చునో చెప్పగలిగిననాడే అది లెక్క యగును. దీనిని నేను పుస్తకములు చదివి గ్రహింపలేదు. నా లెక్కవలన ఒక రైతునకు కలిగిన నష్టమును జూచి గ్రహించితిని. ఆ సంగతియే నేడు మీకు మనవిచేయదలచితిని.

నేను కళాశాలలో జంతుశాస్త్రము చదువుటకు చేరిన కారణము విన్నచో మీరు నవ్వుదురు. చిన్ననాట నాకు లెక్కలన్న భయము. గణితము లేని చదువేదియని విచారించి దానిలో చేరితిని. పిమ్మట నేనే అధ్యాపకుడనైనప్పుడు నా యెదుట కూర్చుండిన పిల్లలలో పెక్కురు నావలెనే లెక్కలనుండి పారిపోయి వచ్చినవారు. పక్షులను, పాములను, సీతాకోకచిలుకలను ప్రేమించి వచ్చిన పిల్లలు. వారికి గణాంకశాస్త్రమును బోధింపవలసిన భారము నామీదనే పడినది.

తప్పించుకొనుటకు వీలులేకపోయెను. అడవిజంతువులు తమ నేలతోను, నీటితోను, మేతతోను, ఒండొంటితోను ఎట్లు ముడిపడి బ్రదుకుచున్నవో తెలుపు శాస్త్రము మాది. ఆ శాస్త్రమున ఏ ప్రశ్నయైనను "ఎన్ని?" యనుటతోనే మొదలగును. గడ్డి యెంత కలదు, దానిని మేయు జింకలెన్ని, ఆ జింకలతో కడుపు నింపుకొను పులులెన్ని, నిరుటికంటె పెరిగినవా, తరిగినవా? సంఖ్య తెలియక వీనికి సమాధానము లేదు.

ఇక నా తప్పు చెప్పెదను. నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో రాయలసీమలోని యొక మెట్టప్రాంతమున కృష్ణజింకలను లెక్కించు పని నాకు అప్పగించిరి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత కృష్ణజింకను చంపుట నేరమైనది. అది మేలే. కాని జింకకు గడ్డికిని పైరునకును భేదము తెలియదు. జొన్న మొలకెత్తినంతనే, వేరుసెనగ ఆకు పట్టినంతనే మందలుగా వచ్చి మేసిపోవును. కర్నూలు సీమలోని రోళ్లపాడున బట్టమేకపిట్టను రక్షించుటకై 1988లో అభయారణ్య మేర్పడిన పిమ్మట కృష్ణజింకలు వృద్ధిపొంది చుట్టుప్రక్కల పైరులకు కీడు చేయుటయు, రైతులు మొఱపెట్టుకొనుటయు చాలమంది యెఱిగినదే. నేను పోయిన చోటను అట్టి తగవే యుండెను.

నేను జీపు బండిలో కూర్చుండి అయిదు దినములు బాటల వెంబడి తిరిగితిని. బాటకు ఇరుప్రక్కల కొంత వెడల్పు మేర కనబడిన జింకలను వ్రాసికొంటిని. ఆ నేల విస్తీర్ణమునకు ఇన్ని జింకలైనచో మొత్తము ప్రాంతమున కెన్నియని హెచ్చవేసి సంఖ్య తేల్చితిని. ఊరివారు వచ్చి, "అయ్యవారూ, ఇంత తక్కువ కానేరవు. రాత్రులందు మా చేలలో కావలియుండువారము మేము" అనిరి. నష్టపోయినవారు హెచ్చించి చెప్పుట సహజమని నాలో నేననుకొంటిని. నా కాగితము పై కచ్చేరికి పోయెను. జింకలింత కొద్దియైనప్పుడు అంత నష్టము కలుగుట అసంభవమని అచ్చట నిశ్చయించి కొందఱు రైతుల అర్జీలను త్రోసివేసిరి. వారిలో నొక వృద్ధుడు అప్పు తీర్చుటకై తన ఎద్దులజతను సంతలో అమ్ముకొనెను. ఇది నాకు మరుసటి సంవత్సరమున గాని తెలియలేదు.

ఆ మరుసటి సంవత్సరమే తరగతిలో నా లెక్కను ఉదాహరణముగా నల్లబల్లపై వ్రాసి వివరించుచుంటిని. ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, బాటమీద మనుష్యులు, బండ్లు, కుక్కలు తిరుగుచుండునుగదా. జింకలు బాటప్రక్కన ఏల నుండును?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. జింకలు మిక్కిలి తక్కువగా నుండుచోటును ఏరి యేరి చూచి, ప్రాంతమంతయు నట్లే యుండునని నేను వ్రాసియుంటిని. హెచ్చవేతలో తప్పులేదు, నేను నిలిచిన చోటులో తప్పున్నది.

ఈ సంగతి మీకు క్రొత్తది కాదు. పంటకోత ప్రయోగము చేయువారు మీ యూళ్లకు వచ్చియుందురు. ఏ సర్వేనంబరు కోయవలెనో, ఆ మడిలో ఏ మూలనుండి ఎంతదూరము పోవలెనో ముందుగనే అంకెల పట్టికనుబట్టి నిర్ణయించుకొందురు. వరికైనచో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరమును త్రాళ్లతో గుర్తించి, అంతమేర కోసి నూర్చి తూచెదరు. "అచ్చట పైరు ఏపుగానున్నదే, ఇచ్చటనే కోయుదురేల?" యని మీలో కొందఱు అడిగియుందురు. మంచిచోటు ఏరినచో పంట హెచ్చుగా తేలును. పాడుచోటు ఏరినచో తక్కువగా తేలును. మనుష్యుని కన్ను ఏదో యొకవైపు మొగ్గును. కావున ఏరుపని కంటికి వదలక చీటీకి వదలెదరు. బస్తాలోని బియ్యమును పైపై గాక లోతున గుచ్చి మచ్చు తీయుటయు నిందుకే.

గణాంకశాస్త్రము పొలములోనే పెరిగినదన్నను తప్పులేదు. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్డున 1843 మొదలుకొని ఎరువులను గూర్చిన పరీక్షలు పొలములమీద జరుగుచుండెను. ఏటేట వ్రాసిపెట్టిన పంటల లెక్కలు కుప్పలుగా పేరుకొన్నవి. వానిని పరిశీలించుటకై 1919లో రోనాల్డ్ ఫిషరు అను పండితుడు అచ్చట చేరెను. ఏ మడికి ఏ యెరువు వేయవలెనో చీటీనిబట్టియే నిర్ణయింపవలెనని అతడు నేర్పెను. 1925లో అతడు వ్రాసిన గ్రంథము జీవశాస్త్రజ్ఞులకు చిరకాలము పాఠ్యగ్రంథమైనది. మన దేశమున ప్రశాంతచంద్ర మహలనోబిసు 1931లో కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించి, వంగదేశపు జనపనార పంటను మచ్చు పద్ధతిని అంచనా కట్టెను.

అందుచేత విద్యార్థులను వెంటబెట్టుకొని మరల ఆ మెట్టకు పోయితిని. ఈ మారు పటముమీద చీటీలనుబట్టి సరళరేఖలు గీచి, ముండ్లడ్డమైనను, వంకలడ్డమైనను ఆ రేఖల వెంబడియే తెల్లవారుజామున నడచితిమి. జింక కనబడినప్పుడు అది మా రేఖకు ఎంతదూరమున నున్నదో కూడ వ్రాసికొంటిమి. దూరమున నున్న జంతువులు కంటికి తప్పిపోవుట హెచ్చు; దూరము పెరుగుకొలది కనబడుట ఏ మేరకు తగ్గుచున్నదో చూచి, తప్పిపోయినవాని సంఖ్యను అంచనా కట్టవచ్చును. ఈ క్రొత్త లెక్క నా మొదటి లెక్కకు రెట్టింపునకు మించినది. ఊరివారు చెప్పినదే నిజమైనది.

నా మొదటి లెక్క తప్పని కచ్చేరికి వ్రాసి పంపితిని. కాగితము పంపి యూరకుండుటకు మనసొప్పక ఆ వృద్ధుని యింటికి స్వయముగా పోయి, "పెద్దయ్యా, నా లెక్క తప్పు. మీ మాటయే నిజము" అని చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఎద్దులు లేని కొట్టమువంక ఒకమారు చూచెను. పిమ్మట, "సరే అయ్యవారూ, ఇప్పటి లెక్కలో తప్పు ఎంత యున్నది?" అని యడిగెను.

ముప్పదియేండ్లలో ఏ పరీక్షాధికారియు నన్నింతకంటె మంచి ప్రశ్న యడుగలేదు. మొదటి లెక్కనుగూర్చి అట్లడిగియుండినచో నాకు సమాధానము లేకయుండెడిది. ఈ మారు కలదు. మేము నడచిన రేఖలు పెక్కు. ఒక రేఖకును మఱియొక రేఖకును గల భేదమును బట్టి మొత్తము ఎంతవఱకు అటునిటు పోవచ్చునో తెలియును. "ఇన్నింటికి తక్కువ యుండవు, ఇన్నింటికి మించవు" అని రెండు సంఖ్యలు చెప్పితిని. ఆయన తలయూచెను. ఆ సంవత్సరమున కొందఱు రైతులకు పరిహారము లభించినది. ఆయన ఎద్దులు మాత్రము తిరిగి రాలేదు.

అటుపిమ్మట నా బోధనావిధానము మారినది. తరగతిలో మొదటిదినమున సూత్రములు వ్రాయుట మాని, ఒక మట్టికుండనిండ చింతగింజలు తెచ్చి బల్లపై నుంచుచుంటిని. "ఇందు గింజలెన్ని? అన్నిటిని లెక్కింపకుండ చెప్పుడు" అందును. అఱువది గింజలు పైకి తీసి ఒక్కొక్కదానికి సున్నపుబొట్టు పెట్టుదుము. ఆరిన పిమ్మట మరల కుండలో వైచి బాగుగా కలియద్రిప్పుదుము. అంతట ఒక విద్యార్థి కన్నులు మూసికొని ఏబది గింజలు తీయును. అందు బొట్టుగలవి ఆఱు వచ్చినవనుకొందము. ఇక మిగిలినది త్రైరాశికమే. ఏబదింటిలో బొట్టుగలవి ఆఱైనప్పుడు, బొట్టుగలవి మొత్తము అఱువది యుండుటకు గింజలెన్ని యుండవలెను? అయిదువందలు. పావులూరి మల్లన కాలమునుండియు మన తెలుగు గణితములో నున్న లెక్కయే ఇది. డెన్మార్కు దేశపు పీటర్సన్ 1896లో చేపలకు గుర్తులు పెట్టి విడిచెను. అమెరికాలో లింకన్ 1930లో బాతుల కాళ్లకు తొడిగిన కడియములనుబట్టి వాని సంఖ్యను అంచనా కట్టెను. వారు చేసినది మూలమున మా చింతగింజల పనియే.

మఱియొక విద్యార్థి తీసినప్పుడు బొట్టుగలవి అయిదే వచ్చును, ఉత్తరము ఆఱువందలు. ఇంకొకనికి ఎనిమిది వచ్చును. ఉత్తరము మున్నూట డెబ్బదియైదు. అప్పుడు తరగతిలో గోల బయలుదేరును. "ఏది నిజము మాస్టారూ?" అందురు. కుండ బోర్లించి అన్నిటిని ఎంచినచో నన్నూట ఎనుబది యుండును. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరికిని సరియైన సంఖ్య రాలేదు. ఏబది గింజలకు మారుగా రెండువందలు తీసినచో ఉత్తరములన్నియు నిజమునకు చేరువగా మూగును. అయినను ఒక నియమము కలదు. శ్రమ నాలుగింతలైన గాని సంశయము సగము తగ్గదు.

అంతట నేను తడిచేతితో కొన్ని గింజల సున్నము తుడిచివైచి మరల తీయుమందును. బొట్టుగలవి తక్కువగా దొరకును. అందుచేత ఉత్తరము లేనిపోని హెచ్చుగా తేలును. లేని జంతువులు కాగితముమీద పుట్టుట ఇట్లే. గుర్తు నిలువవలెను, గింజలు బాగుగా కలియవలెను, నడుమ క్రొత్తవి చేరరాదు, ఉన్నవి పోరాదు. ఈ నియమములలో నేది తప్పినను లెక్క తప్పును. మా పిల్లలకు హెచ్చవేత, భాగహారము కష్టము కాదు. "నాకు తెలిసినది ఇంత, తెలియనిది ఇంత" యని వ్రాసి క్రింద చేవ్రాలు చేయుటయే కష్టము.

జీవశాస్త్రమునకును గణితమునకును ఇట్టి పొత్తు కుదిర్చిన మహనీయులలో మనవారును కలరు. 1920లో పుట్టి, మన యాంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు కలకత్తాలో గణాంకశాస్త్రము నేర్చి, 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశమున త్రవ్వితీసిన పురాతన మానవుల ఎముకల కొలతలను పరిశీలించిరి. ప్రపంచ ఖ్యాతి నార్జించి 2023లో పరమపదించిరి. జీవశాస్త్రజ్ఞుడు హాల్డేను దొర 1957లో ఇంగ్లండు విడిచి మన దేశమునకు వచ్చి, మహలనోబిసు సంస్థలో చేరి, తుదకు భువనేశ్వరమున 1964లో కన్నుమూసెను. విలువగల యంత్రములు లేవని విచారింపవలదని, కన్నులును ఓపికయు ఉన్నచో చాలునని ఆయన పద్ధతి. ఆయన శిష్యులలో నొకరు పారిజాతపుపూల రేకులను ఎంచిరి. మఱియొకరు వేసవిలో తీతువు జాతి పక్షి గ్రుడ్లు పొదుగు తీరును కనిపెట్టిరి. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఏ రంగు పూవుపై ఏ సీతాకోకచిలుక వ్రాలుచున్నదో లెక్కించెను.

ఇంత ఓపిక యేల, ఉరమరగా ఒక సంఖ్య చెప్పిన చాలదాయని మీకు తోచవచ్చును. చాలదనుటకు పులుల లెక్కయే దృష్టాంతము. 1972లో దేశమంతట పులులను లెక్కించి 1827 అనిరి. 1973లో పులుల సంరక్షణ పథకము ఆరంభమైనది. ఆనాటి పద్ధతి అడుగుజాడల పద్ధతి. జాడపై అద్దముపలక నుంచి గీత గీసికొని, ఒక్కొక్క పులి జాడ వేఱుగా నుండునని నమ్మి లెక్కించుచుండిరి. కాని ఒకే పులి పాదము ఇసుకలో నొకతీరుగను, బురదలో నొకతీరుగను, పరుగిడునప్పుడు మఱియొక తీరుగను పడును. కర్ణాటకకు చెందిన ఉల్లాస కారంతుగారు బోనులోని పులుల జాడలను అనుభవజ్ఞులకే చూపి, పులులెన్నియో చెప్పుడన్నచో వారు సరిగా చెప్పలేకపోయిరని 1987లో ప్రకటించిరి. ఆ మాట చాలకాలము చెవికెక్కలేదు.

రాజస్థానములోని సరిస్కా అడవిలో 2004వఱకును పదికి మించిన పులులున్నట్లు కాగితములు చెప్పుచుండెను. 2005లో వెదకి చూచినచో ఒక్కటియు లేదు. వేటగాండ్రు తుదముట్టించిరి. పులులు చచ్చుచుండగా కాగితముమీది పులులు బ్రదికియే యున్నవి. అంకె సరిగా నున్నదన్న ధైర్యమున అడవిని వెదకువారు లేకపోయిరి. తప్పులెక్క వలన మా మెట్టలో రైతు నష్టపోయెను. అచ్చట పులి నష్టపోయెను.

పిమ్మట పద్ధతి మారినది. ఇప్పుడు అడవిబాటలకు ఇరుప్రక్కల ఎదురెదురుగా కెమెరాలు కట్టుదురు. జంతువు దాటినంతనే అవి తమంతట తామే బొమ్మ తీయును. పులి చారలు మనుష్యుని వ్రేలిముద్రలవంటివి. ఒకదానివి మఱియొకదానికి లేవు. కుడిప్రక్క చారలకును ఎడమప్రక్క చారలకును పోలికలేదు గనుక కెమెరాలు రెండు కావలెను. మొదటిమారు బొమ్మలో పడుటయే సున్నపుబొట్టు. ఆ పులియే మరల మరల పడుటయు, క్రొత్తవి పడుటయు చూచి, ఎన్నడును పడనివి ఎన్ని యుండునో లెక్కింతురు. మన నల్లమలలో 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యమునను కెమెరాలు కట్టియే లెక్కించుచున్నారు. ఆ యడవి కావలిలో చెంచులు తోడ్పడుచున్నారు.

అడుగుజాడల పద్ధతిని 2001–02లో తేలిన సంఖ్య 3642. క్రొత్తపద్ధతిని 2006లో తేలినది 1411. అదియు 1165కును 1657కును నడుమ నుండవచ్చునని చెప్పిరి. నాలుగేండ్లలో రెండువేల పులులు పోయినవని కొందఱు తీసివేత చేసిరి. ఒక యేట కుంచముతోను, మఱియొక యేట మానికతోను కొలిచి తేడా తీయుట వంటిదది. 2022 లెక్కలో 3682 అనిరి. తక్కువలో తక్కువ 3167, హెచ్చులో హెచ్చు 3925. ఈ 3682 పాత 3642కు దగ్గఱగానున్నదని చూచి భేదము లేదనుకొనరాదు. పాతది తనలో తప్పెంతయో చెప్పలేని లెక్క. క్రొత్తది చెప్పుకొన్న లెక్క. రెండవదానినే మనము పరీక్షింపగలము, ప్రశ్నింపగలము.

పెద్దలారా! మీ గ్రామసభలో జింకలనుగూర్చియో, అడవిపందులనుగూర్చియో, పంటనష్టమునుగూర్చియో ఎవరైన లెక్క చదివినప్పుడు ఆ మెట్టరైతు నన్నడిగినట్లే అడుగుడు. ఎచ్చట నిలిచి చూచితిరి? ఆ చోటు నెవరు ఏరిరి? అటునిటు ఎంత తప్పవచ్చును? సమాధానము చెప్పువానిని గౌరవింపుడు. "తప్పే లేదు" అనువానిని మఱియొకమారు అడుగుడు.

ఇక నాదొక మనవి. అప్పుడప్పుడు చదువుకొను పిల్లలు చేత పుస్తకమును, మెడకు దుర్భిణియు వేసికొని మీ పొలిమేరలో బాట విడిచి ముండ్లలోనుండి తిన్నగా నడచుచు కనబడవచ్చును. దారి తప్పిరనుకొనవలదు. బాటను కావలెననియే విడిచిరి. వారికి కాసిన్ని మంచినీళ్లిచ్చి, రాత్రి కావలిలో మీ కంటబడిన జంతువుల సంగతియు చెప్పుడు. నేను చెవినిబెట్టనిదానిని వారైన వ్రాసికొందురు.